సహజంగా కనిపించే హెచ్‌డీఆర్: ఏ దృశ్యానికి ఏ పద్ధతి

నా కంప్యూటర్‌లో ఒక పాత సరస్సు ఫోటో ఉంది. సూర్యోదయం, పల్చటి మంచు తెర, నిశ్చలమైన నీళ్లలో మేఘాల ప్రతిబింబం. దాన్ని హెచ్‌డీఆర్‌గా, అంటే చీకటి భాగాలూ వెలుగు భాగాలూ ఒకే ఫోటోలో కనిపించేలా చేయాలని, మూడు ఎక్స్‌పోజర్లు (ఒకటి ముదురుగా, ఒకటి మధ్యస్థంగా, ఒకటి వెలుగ్గా) తీసి, సాఫ్ట్‌వేర్‌లో కలిపి, కనిపించిన స్లైడరునల్లా కుడివైపుకు జరిపి, ఎంతో గర్వంగా దాచుకున్నాను. కొన్నేళ్ల తర్వాత మళ్లీ తెరిస్తే ఏదో తేడాగా అనిపించింది. రంగులు ముదిరిపోయాయన్నది సరే, అది ఎవరికైనా కనిపించే తప్పే. అసలు తేడా నీళ్లలో ఉంది. నీటిలోని మేఘం ఆకాశంలోని మేఘం కన్నా ఎక్కువ వెలుగుతోంది! నీరు తన మీద పడిన వెలుగులో కొంత లోపలికి పోనిచ్చి మిగిలినదాన్నే తిప్పి పంపుతుంది. ప్రతిబింబం అసలును మించి ప్రకాశించడం జరిగే పని కాదు. చూసేవారికి ఈ సూత్రం తెలియకపోవచ్చు. అయినా పుట్టినప్పటి నుంచి వెలుగును చూస్తూ పెరిగిన కన్ను ఆ పొరపాటును ఇట్టే పట్టేస్తుంది.

అప్పటినుంచి ‘సహజంగా ఉండటం’ అనే మాటకు నేను ఒకే అర్థం పెట్టుకున్నాను. దృశ్యంలో ఏది దేనికన్నా వెలుగ్గా ఉందో, ఫోటోలోనూ ఆ వరుస చెదరకూడదు. వాటి మధ్య దూరాన్ని తగ్గించవచ్చు, తగ్గించక తప్పదు కూడా. వరుసను మాత్రం తిరగేయకూడదు. కింద చెప్పే పద్ధతులన్నిటినీ ఈ కొలబద్దతోనే చూశాను.

దూరం ఎందుకు తగ్గించాలంటే, వెలుగును మనం స్టాపుల్లో కొలుస్తాం. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపవుతుంది. పెద్ద సెన్సరున్న మంచి కెమెరా తక్కువ ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) దగ్గర సుమారు 14 స్టాపుల వరకూ పట్టగలదు. కాగితం మీది ముద్రణ మాత్రం అందులో సగం దగ్గరే ఆగిపోతుంది. అంటే ఎంత గొప్ప కెమెరా అయినా, పట్టుకున్నదాన్ని ఎక్కడో ఒకచోట కుదించాలి. ఆ కుదింపు ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు అన్నదే ఈ పద్ధతుల మధ్య అసలు తేడా.

ముందు ఒక్క ఫ్రేముతో కుదురుతుందేమో చూడండి

హెచ్‌డీఆర్ కోసమని మూడు, ఐదు ఫ్రేములు తీసేవారిలో చాలామందికి నిజానికి ఒక్క రా ఫైలు (సెన్సరు పట్టినదాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైలు) సరిపోతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్లయితే 16,384. నీడలను పైకి లేపినప్పుడు జేపెగ్ పగుళ్లు తేలినట్టు కనిపించడానికి, రా ఫైలు నిలబడటానికి ఈ తేడా ఒక పెద్ద కారణం.

తీసే పద్ధతి మాత్రం మారాలి. మధ్యస్థంగా కనిపించేలా కాకుండా, ముఖ్యమైన హైలైట్లు (బాగా వెలుగున్న భాగాలు) తెల్లబడిపోయే అంచు దాకా వచ్చి ఆగేలా ఎక్స్‌పోజర్ పెట్టాలి. ఐఎస్ఓ కనిష్ఠంగా ఉండాలి. కెమెరా వెనుక తెర మీద కనిపించే హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) జేపెగ్‌ను బట్టి గీసినది కాబట్టి, అది అంచును తాకినా రా ఫైలులో సాధారణంగా ఇంకొంచెం చోటు మిగిలి ఉంటుంది. ఎంత మిగులుతుందో మీ కెమెరాతో ఒక సాయంత్రం కూర్చుని ప్రయోగం చేసి తెలుసుకోండి. ఏ సమీక్ష చదివినా దొరకని సమాచారం అది.

ఇంటికొచ్చాక నీడలను రెండు, మూడు స్టాపులు లేపినా కొత్త కెమెరాల ఫైళ్లు సణగవు. నాలుగు, ఐదు దాటితే నలుపులో రంగు మచ్చలు, గరుకుదనం మొదలవుతాయి. అక్కడ ఆగి బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీయడం) గురించి ఆలోచించాలి. ఒక్క ఫ్రేము పద్ధతికి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే ఆకులు ఊగినా, మనుషులు నడిచినా, అలలు కదిలినా జంట బొమ్మల బెడద ఉండదు. ఇంకో సుగుణం, ఎక్స్‌పోజర్‌ను, టోన్ కర్వ్‌ను (వెలుగు స్థాయిలను సవరించే గీతను) మొత్తం బొమ్మకు ఒకేలా వర్తింపజేస్తే వెలుగుల వరుస చెడే అవకాశమే లేదు. షాడోస్, హైలైట్స్ స్లైడర్లు చుట్టుపక్కలను కూడా చూసి పనిచేస్తాయి కాబట్టి, వాటిని చివరిదాకా లాగితే ఆ భరోసా పోతుంది.

ఫోను చేసి పెట్టేది

ఫోను హెచ్‌డీఆర్‌ను చిన్నచూపు చూసే అలవాటు కెమెరా పట్టుకున్నవాళ్లలో ఉంది. నాలోనూ ఉండేది. కానీ అది చేసే పని తెలివైనది. గూగుల్ పరిశోధకులు 2016లో వివరించిన పద్ధతి ప్రకారం ఫోను రకరకాల ఎక్స్‌పోజర్లు తీయదు. హైలైట్లు కాలిపోకుండా తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒకేలాంటి ఫ్రేములు వరుసగా తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తుంది. తొమ్మిది ఫ్రేముల సగటులో గరుకుదనం మూడో వంతుకు పడిపోతుంది. అలా శుభ్రపడిన నీడలను పైకి లేపుతుంది. అన్ని ఫ్రేములూ ఒకేలా ఉంటాయి కాబట్టి కదిలేవాటిని పోల్చి సరిచేయడం తేలిక. పరుగెత్తే పిల్లవాడి వెనుక మండే ఆకాశం ఉంటే, కెమెరాతో బ్రాకెటింగ్ చేసేవాడి కన్నా ఫోనుదే పైచేయి.

ఫోను ఓడిపోయేది రుచి విషయంలో. ఎవరి ముఖం మీదా నీడ ఉండకూడదని, ఏ ఆకాశమూ తెల్లగా పోకూడదని అది ముందే తీర్మానించుకుని ఉంటుంది. చెట్టు కింద కూర్చున్న మనిషి ముఖం ఎండలో నిలబడ్డ మనిషి ముఖమంత వెలుగుతుంది. చాలా ఫోన్లలో తెర మీద తాకి, ఎక్స్‌పోజర్ స్లైడరును కొంచెం కిందికి దించితే ఈ అతి తగ్గుతుంది. రా ఫైలు ఇచ్చే వీలుంటే అదే తీసుకుని మీ చేత్తో సవరించండి.

బ్రాకెటింగ్ చేసి, కుదించకుండా కలపడం

ఒక్క ఫ్రేము చాలనప్పుడు నా మొదటి ఎంపిక ఇదే. ఒకే దృశ్యాన్ని మూడు ఎక్స్‌పోజర్లలో తీసి, లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క డీఎన్‌జీ ఫైలుగా కలపడం. లైట్‌రూమ్‌లో ఈ సౌకర్యం 2015లో వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కలిపిన ఫైలు ఇంకా రా ఫైలు లాంటిదే. కుదింపు పని అది చేసేయలేదు, మీకు వదిలిపెట్టింది. మామూలుగా అటూ ఇటూ ఐదు స్టాపుల వరకే జరిగే ఎక్స్‌పోజర్ స్లైడరు ఈ ఫైలు మీద పది స్టాపుల దాకా జరుగుతుంది. అంతవరకూ జరపమని కాదు, చోటు ఎంత ఉందో చెప్పడానికే.

తీసేటప్పుడు మారాల్సింది షట్టర్ వేగం ఒక్కటే. అపర్చర్ మారితే స్పష్టంగా కనిపించే లోతు మారిపోతుంది, ఐఎస్ఓ మారితే గరుకుదనం మారిపోతుంది. ఫోకస్ మాన్యువల్‌లో, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకదానిలో స్థిరంగా ఉంచండి. ట్రైపాడ్ మీద ఉంటే రెండు సెకన్ల టైమర్ పెట్టండి. రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీస్తే, మధ్య ఫ్రేముకు అటు రెండు, ఇటు రెండు స్టాపులు కలిసివస్తాయి. సూర్యుడు నేరుగా ఫ్రేములో లేనంతవరకూ చాలా దృశ్యాలకు ఇది ఎక్కువే. తొమ్మిది ఫ్రేములు తీసి కలిపితే నాణ్యత మూడింతలవుతుందన్న భ్రమ వద్దు. ఫ్రేములు పెరిగేకొద్దీ మధ్యలో ఏదో ఒకటి కదిలే అవకాశమూ పెరుగుతుంది.

గాలికి ఊగే కొమ్మలుంటే దెయ్యపు బొమ్మలు (పైన చెప్పిన జంట బొమ్మలు) తొలగించే సౌకర్యం ఉంటుంది. తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి. ఎక్కువ స్థాయిలో పెడితే ఆ చోట ఒకే ఫ్రేము నుంచి సమాచారం తీసుకుంటుంది కాబట్టి, శుభ్రమైన చిత్రం మధ్యలో గరుకు అతుకు కనిపిస్తుంది.

ఎక్స్‌పోజర్ ఫ్యూజన్

టామ్ మెర్టెన్స్, యాన్ కౌట్జ్, ఫ్రాంక్ వాన్ రీత్ 2007లో ప్రచురించిన పద్ధతి ఇది. ఎన్‌ఫ్యూజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీని మీదే నడుస్తుంది, ఫోటోమ్యాటిక్స్ అనే హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ కోవకు చెందిన ఎంపిక ఉంది. మధ్యలో పెద్ద హెచ్‌డీఆర్ ఫైలు తయారుచేసి, ఆ తర్వాత దాన్ని కుదించే (టోన్ మ్యాపింగ్ అనే) బాదరబందీ ఇందులో లేదు. ప్రతి బిందువు దగ్గరా ఏ ఫ్రేము మెరుగ్గా ఉందో చూసి ఆ పాళ్లలో కలుపుతుంది. మెరుగు అంటే మూడు లెక్కలు: అక్కడ కాంట్రాస్టు ఎంత, రంగు ఎంత నిండుగా ఉంది, వెలుగు నడిమి స్థాయికి ఎంత దగ్గరగా ఉంది.

ఫలితం రంగుల పరంగా మృదువుగా, అసలు ఫోటోకు దగ్గరగా ఉంటుంది. టోన్ మ్యాపింగ్‌లో వచ్చే వింత రంగులు కనిపించవు. చిక్కంతా ఆ మూడో లెక్కలో ఉంది. నడిమి స్థాయి మీద మమకారంతో అది చీకటి మూలనూ పైకి లాగుతుంది, ఎండ పడ్డ గోడనూ కిందికి లాగుతుంది. రెండూ మధ్యలో కలుసుకుంటాయి. వరుస తప్పడానికి ఇది నిశ్శబ్దమైన దారి. చూడగానే తప్పు అనిపించదు, చప్పగా మాత్రం అనిపిస్తుంది. అందుకే ఫ్యూజన్ అయ్యాక టోన్ కర్వ్‌తో నలుపును కిందికి దించి కొంత కాంట్రాస్టు తిరిగి ఇవ్వాలి. ఇంకో ఉపాయం ఉంది. అన్ని ఫ్రేములూ ఇవ్వకండి. నీడలు బాగా తేలిపోయిన ఫ్రేమును పక్కన పెట్టి రెండిటితోనే ఫ్యూజన్ చేస్తే చాలాసార్లు ఎక్కువ నమ్మేలా వస్తుంది.

లోకల్ టోన్ మ్యాపింగ్

హెచ్‌డీఆర్‌కు చెడ్డపేరు తెచ్చింది ఇదే, పాపం అంతా దానిది కాకపోయినా. పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో మామూలు ఫోటోల నుంచి దృశ్యంలోని అసలు వెలుగు కొలతలను తిరిగి రాబట్టే విధానం చూపించారు. ఆ కొలతలను తెర మీద ఇమిడ్చేందుకు ఆ తర్వాత రకరకాల సూత్రాలు వచ్చాయి. వాటిలో కొన్ని బొమ్మ మొత్తానికీ ఒకే కర్వ్ వాడతాయి. మరికొన్ని ప్రతి బిందువునూ దాని చుట్టుపక్కలతో పోల్చి సవరిస్తాయి. ఈ రెండో రకం వల్లే చిన్న చిన్న వివరాలు జిగేల్మంటాయి, అక్కడే ప్రమాదమూ ఉంది.

నల్లటి కొండ అంచు వెనుక తెల్లటి ఆకాశం ఉందనుకోండి. అంచుకు దగ్గరగా ఉన్న ఆకాశం బిందువు తన చుట్టుపక్కలను చూసుకుంటే సగం కొండ చీకటే కనిపిస్తుంది. ఆ సగటును బట్టి సూత్రం దాన్ని తక్కువగా తగ్గిస్తుంది. కొండకు దూరంగా ఉన్న ఆకాశాన్ని ఎక్కువగా తగ్గిస్తుంది. దాంతో కొండ చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. దేవుడి బొమ్మల తల వెనుక కాంతిచక్రం లాంటిది, కొండకు అవసరం లేనిది. వలయం ఎందుకు వస్తుందో అర్థమైతే ఏ స్లైడరు ముట్టుకోవాలో తెలుస్తుంది. బలాన్ని తగ్గించి, వెలుగును సమం చేసే స్లైడరును సున్నితమైన వైపుకు జరపాలి.

రంగుల సంగతి వేరు. వెలుగును కుదించి, ఎరుపు, ఆకుపచ్చ, నీలాల నిష్పత్తిని అలాగే ఉంచితే రంగులు ముందున్నదానికన్నా ముదురుగా కనిపిస్తాయి. మీరు సాచురేషన్ స్లైడరును తాకకపోయినా సరే. కుదింపు తర్వాత దాన్ని కొంచెం వెనక్కి తేవడం దిద్దుబాటే తప్ప పిరికితనం కాదు.

నా సలహా: టోన్ మ్యాపింగ్ ఫలితాన్ని ఎప్పుడూ తుది చిత్రంగా తీసుకోకండి. మధ్య ఫ్రేమును కింద పెట్టి, టోన్ మ్యాప్ చేసినదాన్ని పై లేయరుగా ఉంచి, దాని గాఢతను (ఒపాసిటీని) 30 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. పాత రాతి గోడలు, తుప్పు పట్టిన యంత్రాలు కాస్త ఎక్కువ భరిస్తాయి. చర్మం, మంచు, ఖాళీ ఆకాశం అసలు భరించవు.

చేత్తో కలపడం

ఇది అన్నిటికన్నా పాతది. 1850ల్లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివు, ఆకాశానికి ఇంకో నెగటివు వాడి ఒకే ప్రింటు తీశాడు. ఒకే మేఘాలను వేర్వేరు సముద్రాల మీద పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. సహజత్వం గురించి మనం ఇప్పుడు పడుతున్న తగవులు అతనికి నవ్వు తెప్పించేవేమో.

ఇప్పుడు నెగటివులకు బదులు లేయర్లు, కత్తిరింపులకు బదులు మాస్కులు (లేయరులో ఏ చోటు కనబడాలో తేల్చే ముసుగులు). వెలుగును బట్టే తయారయ్యే లూమినాసిటీ మాస్కులు ఇక్కడ ప్రాణం. బొమ్మలో వెలుగున్న చోట్లను మాత్రమే ఎంచుకుని, అక్కడ ముదురు ఫ్రేమును కనబరుస్తాయి. అంచులు వాటంతటవే మెత్తగా వస్తాయి కాబట్టి కొమ్మల మధ్య ఆకాశాన్ని బ్రష్షుతో గీసుకుంటూ కూర్చోనక్కర్లేదు. సమయం పడుతుంది, మొదట్లో విసుగు పుడుతుంది. కానీ ఎక్కడ ఎంత కుదించాలన్న నిర్ణయం పూర్తిగా మీ చేతిలో ఉండే పద్ధతి ఇదొక్కటే. కిటికీ ఉన్న గదికి, వీధి దీపాలున్న రాత్రి దృశ్యానికి, సూర్యుడు ఫ్రేములో ఉన్న ఏ ఫోటోకైనా నేను దీనికే ఓటు వేస్తాను.

కిటికీ గదినే దగ్గరగా చూద్దాం. స్పాట్ మీటరుతో (ఒక చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచే మీటరుతో) లోపలి గోడను కొలిస్తే సెకనులో 15వ వంతు, కిటికీ బయటి చెట్లను కొలిస్తే 1000వ వంతు వచ్చిందనుకోండి. మధ్యలో ఆరు స్టాపుల దూరం. 15, 60, 250, 1000వ వంతుల్లో నాలుగు ఫ్రేములు తీస్తే మొత్తం చేతికొస్తుంది. ఇప్పుడు చాలామంది చేసే పని, 1000వ వంతు ఫ్రేము నుంచి చెట్లను యథాతథంగా తెచ్చి కిటికీలో అతికించడం. చెట్లు ఆకుపచ్చగా, గది తెల్లగా, రెండూ చక్కగానే ఉంటాయి. అయినా కిటికీకి క్యాలెండరు తగిలించినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే ఆ గదికి వెలుగు వస్తున్నదే ఆ కిటికీ నుంచి. వెలుగిచ్చేది వెలుగు తీసుకునేదాని కన్నా ప్రకాశవంతంగా ఉండాలి. అందుకే 250వ వంతు ఫ్రేమును వాడండి. బయట చెట్లు కొంచెం వెలిసిపోయినట్టు, గోడకన్నా రెండు స్టాపుల దాకా వెలుగ్గా ఉంటాయి. కిటికీ చట్రం లోపలి అంచు మీద, గడప మీద పడే మెరుపును చెరిపేయకండి. ఆ మెరుపే బయట పగలని చెబుతుంది. లోపల పసుపు దీపం వెలుగుతుంటే, దాని పసుపునూ, కిటికీ నీలాన్నీ పూర్తిగా తెల్లబరచకండి. సగం సవరిస్తే చాలు.

ఫిల్టరు

పైన ముదురుగా, కింద స్పష్టంగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లు ఇంకా పనికొస్తాయి. క్షితిజం తిన్నగా ఉండి, కింద కదిలే సముద్రం ఉంటే, ఒకే ఎక్స్‌పోజర్‌తో పని ముగుస్తుంది. రెండు లేదా మూడు స్టాపులది చాలు. క్షితిజాన్ని దాటి కొండో, భవనమో, చెట్టో పొడుచుకొస్తే దాని తల నల్లబడుతుంది, అప్పుడు ఫిల్టరు తీసేయండి. నిశ్చలమైన నీటి దగ్గర మరింత జాగ్రత్త. నా సరస్సు ఫోటోలోని తప్పునే ఈ గాజుముక్క కూడా చేయగలదు. ఆకాశాన్ని మూడు స్టాపులు తగ్గించి, ప్రతిబింబాన్ని అలాగే వదిలేస్తే మళ్లీ అదే తలకిందుల వరుస.

ఇంతకీ ఏది ఎప్పుడు

మనుషులు, జంతువులు, గాలిలో ఊగే చెట్లు ఉన్నప్పుడు ఒక్క రా ఫైలు. కెమెరా చేతిలో లేకపోతే ఫోను. ట్రైపాడ్ ఉండి దృశ్యం కుదురుగా ఉంటే మూడు ఫ్రేములు, కుదించని డీఎన్‌జీ. గది లోపలి ఫోటోలు డజన్ల కొద్దీ త్వరగా పూర్తి చేయాల్సి ఉంటే ఫ్యూజన్, కాంట్రాస్టు తిరిగి కలపడం మరవకుండా. గోడకు తగిలించుకోవాలనుకునే ఒకే ఒక్క ఫోటోకు చేతి కలయిక. టోన్ మ్యాపింగ్‌ను మసాలాలా వాడండి, అన్నంలా వడ్డించకండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, చివర్లో నేను ఫోటోను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూస్తాను. రంగులు తప్పుకోగానే వెలుగుల వరుస బయటపడుతుంది. మేఘం కింది భాగం గడ్డి కన్నా నల్లగా ఉందా? చెట్టు నీడ చెట్టుకు సమానంగా వెలుగుతోందా? అప్పుడు తప్పు తెలిసిపోతుంది. తర్వాత పక్కనే మధ్య ఫ్రేమును తెరిచి పోలుస్తాను. కన్ను దిద్దుబాటుకు త్వరగా అలవాటుపడుతుంది, అరగంట స్లైడర్లతో ఆడాక ఏదైనా మామూలుగానే కనిపిస్తుంది. అందుకే వీలైతే ఒక రాత్రి ఆగి చూడటం మేలు. నిజంగా నల్లగా ఉన్న చోటు ఒకటి రెండయినా మిగిలాయా అన్నది చివరి ప్రశ్న. ప్రతి మూలా కనిపించే ఫోటోలో లోతు ఉండదు.

పేరు ఒకటే అయినా వేరే సంగతి ఒకటుంది. ఈ మధ్య తెరలే హెచ్‌డీఆర్ అయ్యాయి. 2023లో ఆండ్రాయిడ్ 14తో వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ లాంటి ఫైళ్లు మామూలు ఫోటోతోపాటు, ఎక్కడ ఎంత అదనపు వెలుగు ఇవ్వాలో చెప్పే పటాన్ని కూడా మోస్తాయి. అలాంటి తెర మీద కుదించాల్సిన అవసరమే తగ్గుతుంది. అయినా మామూలు తెర మీద చూసేవారికి కనిపించేది కింద ఉన్న మామూలు ఫోటోనే కాబట్టి, ముందు దాన్నే సరిచేయండి.

ఆ సరస్సు ఫైళ్లను నిరుడు మళ్లీ తెరిచాను. మధ్య ఫ్రేమును ఆధారంగా పెట్టి, సూర్యుడి చుట్టూ ఉన్న కొంచెం చోట మాత్రం ముదురు ఫ్రేమును మాస్కుతో కలిపాను. నీటిలోని మేఘాన్ని అర స్టాపు కిందికి దించాను. ఒడ్డున ఉన్న పడవ అడుగు చీకట్లోనే ఉండిపోయింది, ఆ ఉదయం కంటికి కనిపించినట్టే. మూడో ఫ్రేము, అన్నిటికన్నా వెలుగైనది, అవసరమే పడలేదు.